తెనాలి స్టూడియోకి నాలుగు లీటర్ల కంప్యూటరు: ఒక కూలర్ డైరీ

ఫిబ్రవరి 9, 2025

తెనాలిలో మా బాబాయ్‌కి ఫోటో స్టూడియో ఉంది. కౌంటరు మీద మానిటరు, బిల్లు పుస్తకం, ఆల్బమ్ శాంపిళ్ళు పెట్టాక ఇక జానెడు చోటు కూడా మిగలదు. అందుకని సీపీయూ కౌంటరు కింద నేల మీద ఉంటుంది. షట్టరు ఎత్తగానే రోడ్డు దుమ్ము ముందుగా తగిలేది దానికే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పక్క డోరు తీసి చూశాను. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టింది. పదేళ్ళ నాటి మెషీను, పెళ్ళి ఆల్బమ్‌లో ఒక షీటు తెరవడానికే నిమిషం తీసుకుంటోంది.

"వైశాఖం పెళ్ళిళ్ళకల్లా కొత్తది చేసిపెట్టరా. నేల మీద పెట్టేది మాత్రం వద్దు. ఇదిగో, ఈ మూలన పట్టాలి," అని మానిటరుకీ గోడకీ మధ్య చెయ్యి పెట్టి చూపించాడు. టేపుతో కొలిస్తే వెడల్పు 11 సెంటీమీటర్లు వచ్చింది.

హైదరాబాదు తిరిగి వచ్చాక నెల రోజులుగా భాగాలు పోగుచేస్తున్నాను. క్యాబినెట్ నిలబెడితే 8 సెంటీమీటర్ల మందం, మొత్తం నాలుగు లీటర్ల పైచిలుకు. అందులో పట్టేది మినీ ఐటీఎక్స్ అనే కొలత మదర్‌బోర్డు ఒక్కటే, 170 మి.మీ. చదరం. వియా కంపెనీ 2001లో తెచ్చిన కొలత అది, ఇప్పటికీ ఇలా సొంతంగా కట్టుకునే చాలా చిన్న కంప్యూటర్లకి అదే ఆధారం. గ్రాఫిక్స్ కార్డుకి చోటు లేదు కాబట్టి గ్రాఫిక్స్ లోపలే ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకున్నాను. ఆరు కోర్లు, 65 వాట్ల రకం. ఎత్తు రెక్కలు లేని 32 జీబీ ర్యామ్, ఫైళ్ళు దాచడానికి ఒక ఎన్‌వీఎంఈ డ్రైవు. పవర్ సప్లై ఫ్లెక్స్ రకం, ఇటుకంత ఉంటుంది, మందం 40 మి.మీ. చిల్లర.

మిగిలింది కూలర్. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చిందిగదా, అదే సరిపోతుందిలే అనుకున్నాను.

ఫిబ్రవరి 15

సరిపోలేదు. పెట్టెలో వచ్చిన కూలర్, రెయిత్ స్టెల్త్, ఎత్తు 54 మి.మీ. పక్క డోరు మూస్తే స్క్రూ రంధ్రాలు కలవడం లేదు, డోరు మధ్యలో ఉబ్బుతోంది. గట్టిగా నొక్కితే ఫ్యాను రెక్కలు డోరుకున్న జాలీకి తగిలి గరగరమంటున్నాయి.

అసలు ఎంత చోటుందో క్యాబినెట్ కాగితంలో ఒక అంకె ఉంది కానీ, ఆ అంకె బోర్డు నుంచి కొలిచిందా, ప్రాసెసర్ పైభాగం నుంచి కొలిచిందా అన్నది రాయలేదు. ఆ రెంటికీ మధ్య తేడా ఇలాంటి డబ్బాలో చాలా పెద్ద విషయం. అన్నయ్య కూతురు ఆడుకునే క్లే అడిగి తీసుకున్నాను. ప్రాసెసర్ మీద ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద క్లేని చిన్న స్తంభంలా నిలబెట్టి, నెమ్మదిగా డోరు మూసి స్క్రూలు బిగించి, మళ్ళీ విప్పాను. నొక్కుకుపోయిన క్లే ఎత్తుని వెర్నియర్‌తో కొలిస్తే సరిగ్గా 52 మి.మీ. జాలీ గీతలు కూడా దాని నెత్తిన అచ్చుపడ్డాయి. చిన్న క్యాబినెట్ కట్టేవాళ్ళందరికీ ఈ పద్ధతి చెబుతాను. పది నిమిషాల పని, ఇక అనుమానం ఉండదు.

రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయాం. డోరు కింద వాషర్లు వేసి ఎత్తు పెంచవచ్చు. కానీ ఇది నా బల్ల మీద ఉండేది కాదు, కొట్టులో పదిమంది చేతులు తగిలే చోట ఉండేది. మూత సరిగ్గా మూసుకోవాలి.

ఫిబ్రవరి 22

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు గంటలు తిరిగాను. అక్కడ గేమింగ్ మెషీన్లకి పెట్టే ఎత్తైన టవర్ కూలర్లు గుట్టలుగా ఉన్నాయి. పొట్టి కూలర్ అంటే మాత్రం చాలా కొట్లలో "అది ఆర్డరు మీద తెప్పించాలండీ" అన్నారు. ఒక చోట పేరు కూడా లేని అల్యూమినియం కూలర్ దొరికింది. 30 మి.మీ. ఎత్తు, హీట్ పైపులు లేవు, కింద దిమ్మ, పైన రెక్కలు, చిన్న ఫ్యాను. 52లో హాయిగా పడుతుంది కదా అని తెచ్చాను.

రాత్రి బిగించి పరీక్ష పెట్టాను. గదిలో 28 డిగ్రీలు. ప్రాసెసర్‌ని పూర్తి బలంతో నడిపి మార్కులిచ్చే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల పరుగు. మూడో నిమిషానికే ప్రాసెసర్ 95 డిగ్రీలు. 5600జీకి అది హద్దు. అక్కడికి చేరాక తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. 78 వాట్ల దగ్గర మొదలైంది 62 వాట్లకి దిగింది, 4.2 గిగాహెర్ట్జ్ వేగం 3.6కి పడిపోయింది. ఫ్యాను శబ్దం పక్క గదిలోకి వినిపించింది.

ఈ అంకెల్ని ఎలా చదవాలో ఒకసారి రాసిపెట్టుకుంటాను, ముందు ముందు పనికొస్తుంది. 95 డిగ్రీలు అన్నది ఒంటరిగా ఏమీ చెప్పదు. ఫిబ్రవరిలో హైదరాబాదు గదిలో 28, మే నెలలో తెనాలి కొట్టులో 40. కూలర్ చేసేదల్లా చిప్పు వేడిని చుట్టూ ఉన్న గాలికి అప్పగించడమే. గాలి ఎంత వేడిగా ఉంటే చిప్పూ అంత పైనుంచి మొదలవుతుంది. కాబట్టి నేను చూసుకోవాల్సిన లెక్క "గది కన్నా ఎంత ఎక్కువ". ఈ కూలర్‌తో 62 వాట్లకి 67 డిగ్రీలు ఎక్కువ. 40 డిగ్రీల కొట్టులో ఇది 107 అవుతుంది. అంటే ప్రాసెసర్ ఇంకా మందగించి 50 వాట్ల దగ్గర కూలబడుతుంది. మెషీను కొన్న ఉద్దేశమే పోతుంది.

మార్చి 2

47 మి.మీ. కూలర్ ఆర్డరు పెట్టాను.

ఎంపికకి వారం పట్టింది. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఎ ఎత్తు 37 మి.మీ.; ఆ కొలతలో దానికి ఎంతో మంచి పేరుంది, ర్యామ్‌కి ఎక్కడా అడ్డు రాదు. కానీ నాకు ఇంకో 15 మి.మీ. చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఐడీ-కూలింగ్ ఐఎస్-55 నాకు ఉన్న చోటు కన్నా ఎత్తు. ఎన్‌హెచ్-ఎల్9ఎక్స్65 పేరులోనే 65 ఉంది. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90-ఎక్స్47 సరిగ్గా 47. క్రయోరిగ్ సీ7, ఆల్పెన్‌ఫోన్ బ్లాక్ రిడ్జ్ కూడా 47 మి.మీ.వే. ఒకే కొలత దగ్గర ఇన్ని కంపెనీలు ఆగడానికి కారణం ఉందని నా నమ్మకం: డాన్ ఎ4-ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే 7.2 లీటర్ల క్యాబినెట్‌లో కూలర్‌కి 48 మి.మీ. వరకే చోటు. ఒక చిన్న డబ్బా నచ్చితే దాని చుట్టూ కూలర్లే తయారయ్యాయనిపిస్తుంది.

ఏఎక్స్‌పీ90-ఎక్స్47కే మొగ్గాను. 6 మి.మీ. హీట్ పైపులు నాలుగు, పైన 15 మి.మీ. మందం ఉన్న 92 మి.మీ. ఫ్యాను.

హీట్ పైపు అంటే రాగి కడ్డీ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది బోలు గొట్టం. లోపల గాలి తీసేసి కాస్త నీళ్ళు పోసి మూసేస్తారు. గాలి లేనందువల్ల నీళ్ళు తక్కువ వేడికే ఆవిరవుతాయి. చిప్పు దగ్గర ఆవిరై, రెక్కల దగ్గర చల్లబడి, గొట్టం లోగోడకి పూసిన రాగి పొడి పొరలో ఇంకి, దీపం వత్తిలో నూనె పాకినట్టు మళ్ళీ చిప్పు దగ్గరికి వస్తాయి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని ఆచరణలోకి తెచ్చాడు. మోటారు లేదు, కదిలే భాగం లేదు, నీళ్ళు మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. అరచేతిలో పట్టే వస్తువులో ఇంత పని జరుగుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మార్చి 8

కూలర్ వచ్చింది. ఆనందంలో తొందరపడ్డాను.

పాత కూలర్ స్క్రూలు విప్పి నిటారుగా పైకి లాగాను. ప్రాసెసర్ కూడా దాని అడుగున అంటుకునే ఊడి వచ్చింది. సాకెట్టు మీట ఇంకా మూసే ఉంది. ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్టు రకం పేరు ఏఎం4. ఏఎం4 ప్రాసెసర్లకి పిన్నులు చిప్పు కిందే ఉంటాయి, 1331. చిప్పుకీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు చల్లబడి గట్టిపడితే దాని పట్టు సాకెట్టు పట్టు కన్నా ఎక్కువ. టార్చి వెలుగులో అడ్డంగా పెట్టి చూస్తే ఒక మూల మూడు పిన్నులు వంగి ఉన్నాయి. అరగంట సేపు దాన్ని ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

తర్వాత 0.7 మెకానికల్ పెన్సిల్ తీసుకుని, సీసం కడ్డీ తీసేసి, ఖాళీ మొనని ఒక్కో పిన్ను మీద తొడిగి వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాను. ఒకేసారి వంచితే విరుగుతుంది. వరస తిన్నగా వచ్చిందో లేదో పాత బస్ కార్డు అంచు పిన్నుల మధ్య జరిపి చూసుకున్నాను. సాకెట్టులో బరువు పెట్టకుండానే తనంతట జారి కూర్చుంది. ఆన్ చేస్తే రెండు ర్యామ్ స్టిక్కులూ కనిపించాయి. అప్పుడు గానీ గుండె కుదుటపడలేదు.

ఏఎం4లో కూలర్ తీయాలంటే ముందు కంప్యూటరుని పది నిమిషాలు బరువైన పని మీద నడపాలి. పేస్టు వేడెక్కి మెత్తబడుతుంది. తర్వాత ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని కుడికీ ఎడమకీ సీసా మూతలా తిప్పి, జారుతోందని తెలిశాకే లేపాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా చేయలేదు.

కొత్త కూలర్ బిగించేటప్పుడు ఇంకో మాట. ఇంత ఇరుకులో బోర్డు క్యాబినెట్‌లో ఉండగా కూలర్ పెట్టడానికి ప్రయత్నించకండి. బయట బల్ల మీద బిగించి, ప్రాసెసర్ పవర్ వైరు కూడా తగిలించేసి, అప్పుడు మొత్తాన్ని ఒకేసారి లోపలికి దించాలి. పవర్ వైరు కూలర్ రెక్కల కిందికి పోతుంది, తర్వాత వేలు పట్టదు.

మార్చి 9

గది 31 డిగ్రీలు. ఇక నుంచి పరీక్షలన్నిటికీ ఫ్యానుని 2200 ఆర్‌పీఎం దగ్గర కట్టేశాను. లేకపోతే వేడి పెరిగినప్పుడు ఫ్యాను తనే వేగం పెంచి లెక్కని దాచేస్తుంది.

పక్క డోరు తీసి పెడితే 78 వాట్లకి 77 డిగ్రీలు. గది కన్నా 46 ఎక్కువ. పాత దానితో పోలిస్తే నమ్మలేనంత తేడా.

డోరు మూశాను. 89.

అదే కూలర్, అదే ఫ్యాను వేగం, అదే గది. జాలీ డోరు ఒకటి అడ్డం వచ్చేసరికి 12 డిగ్రీలు. డోరుకి రంధ్రాలు లేకపోలేదు, నిండా ఉన్నాయి. జాలీ గాలిని ఆపుతోందేమో అనుకుని ఫ్యాను పూర్తి వేగం, 2700 దాకా పెంచి చూశాను. 86కి దిగింది, అంతే. వేగం నాలుగో వంతు పెరిగితే గాలి కూడా నాలుగో వంతే పెరుగుతుంది. ఫ్యాను తినే కరెంటు మాత్రం వేగం ఘనంతో పెరుగుతుంది, దాదాపు రెట్టింపు. శబ్దం సంగతి చెప్పనక్కర్లేదు. అటునుంచి దారి లేదు.

నిద్ర పట్టక పూజగదిలోంచి అగరుబత్తి తెచ్చి వెలిగించాను. జాలీకి ఒక అంగుళం దూరంలో పట్టుకుంటే పొగ తిన్నగా లోపలికి పోయింది. బాగానే ఉంది. తర్వాత మొబైల్ టార్చి లోపలికి వేసి పక్క రంధ్రాల్లోంచి చూశాను. ఫ్యాను పైభాగానికీ డోరుకీ మధ్య 5 మి.మీ. సందు ఉంది కదా, ఫ్యాను కిందికి ఊదిన గాలి రెక్కల్లోంచి పక్కలకి వచ్చి, పైకి లేచి, ఆ సందులోంచి మళ్ళీ ఫ్యానులోకే వెళ్తోంది. పొగ సుడి తిరుగుతూ కనిపించింది. బయటి చల్లగాలి పీల్చుకోవడం కన్నా తను ఊదిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకోవడం ఫ్యానుకి సులువు. జాలీలో రాపిడి ఉంది, సందులో లేదు.

ఇన్ని రోజులూ నేను కూలర్ ఎత్తు గురించే ఆలోచించాను. గాలి దారి గురించి ఒక్క పూట ఆలోచించలేదు.

మార్చి 15

స్టేషనరీ కొట్టులో పిల్లల ప్రాజెక్టులకి అమ్మే ఫోమ్ షీట్లు కొన్నాను, 2 మి.మీ. మందం, నల్లవి. వాటితో చదరపు చట్రాలు మూడు కోశాను. బయట కొలత 95 మి.మీ., లోపల 90 మి.మీ. వ్యాసంతో గుండ్రటి రంధ్రం. రంధ్రం ఫ్యాను రెక్కల తిరుగుడు కన్నా ఇరుకుగా ఉండకూడదు. రెండు వైపులా అంటుకునే టేపుతో మూడూ ఒకదాని మీద ఒకటి అతికిస్తే 6 మి.మీ. సందు 5. డోరు మూసినప్పుడు ఒక మిల్లీమీటరు నొక్కుకుని ఖాళీ లేకుండా మూసుకుంటుంది. అతికించింది ఫ్యాను చట్రం మీదే, డోరుకి కాదు. డోరుకి అతికిస్తే తీసి పెట్టిన ప్రతిసారీ పక్కకి జరుగుతుంది.

మొదటి చట్రం కత్తెరతో కోస్తే అంచు అలలు అలలుగా వచ్చింది. రెండోసారి స్టీలు గ్లాసు బోర్లించి, కొత్త బ్లేడుతో దాని అంచు వెంట కోశాను. మా ఇంట్లో కాఫీ గ్లాసు మూతి 9 సెంటీమీటర్లకి దగ్గరగా ఉండటం కలిసొచ్చింది.

గది 31. డోరు మూసి, పది నిమిషాల పరుగు.

80 డిగ్రీలు.

మూడుసార్లు చేశాను. 80, 80, 81. డోరు మూసిన 89 నుంచి 80కి. డోరు తీసి పెట్టినదానికి మూడే డిగ్రీలు ఎక్కువ. నలభై రూపాయల ఫోమ్ షీటు చేసిన పని ఇది. నాక్టువా వాళ్ళు తమ పొట్టి కూలర్ల కోసం ఎన్ఏ-ఎఫ్‌డీ1 అని ఇలాంటి ఫోమ్ చట్రాల కిట్టు అమ్ముతారు, పొరలు పేర్చుకుని సందుకి తగ్గట్టు ఎత్తు సరిచేసుకోవచ్చు. తీరైన కోత కావాలంటే అది కొనుక్కోవచ్చు. నాకు గ్లాసుతో కోసిందే సరిపోయింది.

శబ్దం కొంచెం మారింది. ముందు గాలి హోరు ఉండేది, ఇప్పుడు అది తగ్గి సన్నటి కూత ఒకటి వినిపిస్తోంది. ఫ్యాను రెక్కలు జాలీ గీతలకి దగ్గరగా తిరిగితే అలాగే ఉంటుంది. స్టూడియో రోడ్డు మీద ఉంది, అక్కడ ఇది వినిపించదు. నిశ్శబ్దం కావాల్సిన గదిలో పెట్టేవాళ్ళు మాత్రం ఇంకాస్త పొట్టి కూలర్ తీసుకుని, ఫోమ్ చట్రం ఎత్తుగా చేసుకుంటే మంచిదని నాకనిపిస్తోంది. ఫ్యానుకీ జాలీకీ మధ్య పదీ పన్నెండు మిల్లీమీటర్ల దూరం వస్తుంది, వేడి గాలి కూడా తిరిగి రాదు.

మార్చి 16

ఫ్యానుని తిరగేసి పెడితే? లోపలి వేడిని డోరు గుండా బయటికి లాగేస్తుంది కదా, వేడి గాలి పైకి పోవడం న్యాయమే కదా అని చాలామంది అంటారు. ఒక మధ్యాహ్నం పెట్టి చూశాను. ప్రాసెసర్ 84. నాలుగు డిగ్రీలు ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు సరఫరా చేసే భాగాలు 68 నుంచి 81కి ఎక్కాయి. పొట్టి కూలర్‌లో ఉన్న పెద్ద సుగుణం కిందికి ఊదడమే. రెక్కలు దాటిన గాలి బోర్డు మీద పరుచుకుంటూ అన్నిటినీ తడుముకుంటూ పోతుంది. ఎత్తైన టవర్ కూలర్లు ఈ పని చేయవు. తిరగేస్తే ఆ గుణం పోయింది. మళ్ళీ యథాప్రకారం పెట్టేశాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని కూర్చుని, బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో పవర్ లెక్క చూశాను.

5600జీని 65 వాట్ల చిప్పు అంటారు కానీ, సాకెట్టు నుంచి అది తీసుకోగల హద్దు 88 వాట్లు. సినీబెంచ్‌లో నాకు 78 దాకా తాగుతోంది. 31 డిగ్రీల గదిలో 80 అయితే, 40 డిగ్రీల తెనాలి కొట్టులో 89. హద్దు దాటదు కానీ, దుమ్ము పట్టాక మిగిలే ఊపిరి ఆరే డిగ్రీలు. కరెంటు పొదుపు చేసే ఎకో మోడ్ పెట్టి హద్దుని 60 వాట్లకి దించాను.

గది 32, ప్రాసెసర్ 70. గది కన్నా 38 ఎక్కువ.

పోగొట్టుకున్నది ఎంత? సినీబెంచ్ మార్కుల్లో వందకి ఏడెనిమిది. కానీ బాబాయ్ సినీబెంచ్ నడపడు. పాత పెళ్ళి ఆల్బమ్ ఒకటి పెన్‌డ్రైవులో తెచ్చుకున్నాను. మొత్తం షీట్లని జేపెగ్‌లుగా ఎగుమతి చేస్తే 78 వాట్లతో 11 నిమిషాల 20 సెకన్లు, 60 వాట్లతో 11 నిమిషాల 50 సెకన్లు. అరనిమిషం. ఆ అరనిమిషానికి పదకొండు డిగ్రీల వేడి, దాని వెంట ఫ్యాను గోల. 60 దగ్గరే ఉంచేశాను. పొట్టి కూలర్ పెట్టుకునేవాళ్ళు కొత్త కూలర్ కోసం వెతికే ముందు ఈ ఒక్క అంకె మార్చి చూడాలి. చిప్పులు చివరి పది శాతం వేగం కోసం చాలా ఎక్కువ కరెంటు తాగుతాయి.

ఫ్లెక్స్ పవర్ సప్లైలోని 40 మి.మీ. ఫ్యాను మాత్రం సన్నగా ఈల వేస్తూనే ఉంది. దాన్ని విప్పి మార్చే పని నేను పెట్టుకోను. ఆఫ్ చేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. అలాగే వదిలేశాను.

ఏప్రిల్ 13

క్యాబినెట్‌ని తువ్వాలులో చుట్టి, టిఫిన్ క్యారేజీ సంచిలో పెట్టుకుని రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెనాలి తెచ్చాను. ఈ పరిమాణంలో ఉన్న హాయి అది.

బాబాయ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంతేనా? లోపల అన్నీ ఉన్నాయంట్రా?"

"అన్నీ ఉన్నాయి బాబాయ్. కూలర్ కూడా పెద్దదే పెట్టా."

"కూలరా? కొట్లో ఉందిగా ఒకటి," అని గోడ పక్కన గడ్డి తడకల కూలర్ చూపించాడు. పిన్ని మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చి, "దాని గాలి దీనికి తగిలేట్టు పెట్టండి, చల్లగా ఉంటుంది," అంది. ఆ ఆలోచన మంచిదే. తడి గాలి నాలుగైదు డిగ్రీలు తక్కువే ఉంటుంది. కానీ ఆ తేమలో దుమ్ము కలిస్తే రెక్కల మీద పొడిలా కాకుండా మట్టిలా అంటుకుంటుంది, బ్రష్షుతో రాదు. గది చల్లబడితే చాలు, నేరుగా ఊదకూడదని చెప్పాను. తడకల కూలర్‌ని కౌంటరు అవతలి పక్కకి తిప్పాం.

కొట్టులో 36. జాలీ వైపు మానిటరుకి, వెనక వైపు గోడకి. జాలీ ముందు 3 సెంటీమీటర్ల ఖాళీ. ప్రాసెసర్ 74. హైదరాబాదులో వచ్చిన 38 తేడాయే ఇక్కడా వచ్చింది. ఆ అంకె చూసినప్పుడు కలిగిన తృప్తి రాయడానికి మాటలు వెతుక్కోను.

ఇక దుమ్ము. మొదట కిటికీకి కొట్టే దోమతెర ముక్క జాలీకి లోపలి వైపు అతికించి చూశాను. 6 డిగ్రీలు పెరిగింది. ఫోమ్ చట్రం వల్ల ఫ్యాను గాలంతా ఆ చిన్న చదరంలోంచే రావాలి. కాబట్టి అక్కడ ఏం అడ్డం పెట్టినా దాని భారం మొత్తం పడుతుంది. అయస్కాంతం పట్టీ ఉన్న పల్చటి పీవీసీ ఫిల్టరు ఒకటి వెంట తెచ్చాను, అది బయటి వైపు అంటుకుంటుంది. దానితో 2 డిగ్రీలే. గది కన్నా 40. అదే ఖాయం చేశాను. శుక్రవారం పూజకి కొట్టు తుడిచేటప్పుడు ఫిల్టరు ఊడదీసి నీళ్ళలో కడిగి, ఆరాక పెట్టమని పిన్నికి చెప్పాను. బాబాయ్‌కి చెబితే మర్చిపోతాడు. పిన్ని శుక్రవారం మర్చిపోదు.

మే 11

ఫోన్లో బాబాయ్. నాలుగు పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు ఒకేసారి మీద ఉన్నాయి. తెర మూలన వేడి అంకె కనిపించేట్టు పెట్టి వచ్చాను, అది ఎప్పుడైనా 85 దాటితే చెప్పమన్నాను.

"91 చూపిస్తందిరా. కొట్లో 40. ఫ్యాను అరుస్తంది."

40కి 40 కలిపితే 80 రావాలి. ఫిల్టరు సంగతి అడిగాను. మొన్న శుక్రవారమే పిన్ని కడిగిందట. డోరు ఎవరైనా తీశారా అంటే లేదన్నాడు. వీడియో కాల్ చేయమన్నాను. ఫోను కౌంటరు మూలకి తిప్పగానే కనిపించింది. బైండింగ్ నుంచి వచ్చిన ఆల్బమ్ అట్టలు నాలుగు, మానిటరుకీ క్యాబినెట్‌కీ మధ్యనున్న ఆ 3 సెంటీమీటర్లలో నిలబెట్టి ఉన్నాయి. జాలీని పూర్తిగా ఆనుకుని.

"బాబాయ్, ఆ అట్టలు తీసేసి అలా పట్టుకుని ఉండు. ఫోను పెట్టేయొద్దు."

ఆల్బమ్ ఎగుమతి నడుస్తూనే ఉంది. 91. 88. రెండు నిమిషాలకి 84. ఇంకో మూడు నిమిషాలకి 80 దగ్గర నిలబడింది. ఫ్యాను గోల తగ్గడం ఫోన్లోనే వినిపించింది.

"చోటు ఖాళీగా కనిపిస్తే ఎవురో ఒకరు ఏదో ఒకటి పెడతారురా, నేనే పెడతా," అన్నాడు. సాయంత్రం వడ్రంగిని పిలిపించి, కౌంటరు మీద జాలీకి ఎదురుగా 3 సెంటీమీటర్ల ఎడంలో సన్నటి చెక్క పుల్లలు రెండు నిలువునా కొట్టించి ఫోటో పంపాడు. మధ్యలోంచి గాలి వస్తుంది, అట్ట మాత్రం దూరదు.